కనిపించని రెండు అక్షరాలు

తెర మీద ‘స్త్రీ’ ఎలా పుడుతుందో నిదానంగా చూడండి. ముందు స కొడతాం. తలకట్టు పెట్టుకుని నిండుగా వచ్చి కూర్చుంటుంది. పొల్లు కొడితే ఆ తలకట్టు తప్పుకుని దాని చోట పొల్లు గీత లేస్తుంది. తర్వాత త. అంతే, పొల్లు మాయం. తలకట్టు మళ్లీ నెత్తికెక్కింది, కింద తవత్తు దిగింది. ఇంకో పొల్లు కొట్టండి. పలికేటప్పుడు అది త పొల్లే, కానీ తెర మీద ఎక్కేది స నెత్తికి. ర కొడితే ఆ పొల్లూ పోయి క్రావడి వచ్చి చేరుతుంది. చివరికి గుడిదీర్ఘం. తలకట్టుకు ఇక అక్కడ పని లేదు. గుడి తన మెలికతో స మీద స్థిరపడుతుంది.

ఆరు మీటలకు ఆరు రూపాలు. మధ్యలో ఎక్కడ ఆగినా అది చదవదగ్గ అక్షరమే. ఇంగ్లీషులో వెనక వచ్చిన అక్షరానికి ముందు వచ్చినదాన్ని కదిపే హక్కు లేదు. మన లిపిలో ఉంది. వచ్చిన ప్రతి వర్ణమూ అంతదాకా కట్టిన ఇంటిని సర్ది మరీ లోపలికి వస్తుంది. చేత్తో రాసేటప్పుడు ఈ వేడుక కనిపించదు. ఏం రాయబోతున్నామో చేతికి ముందే తెలుసు కాబట్టి తలకట్టు జోలికి పోకుండా నేరుగా గుడే పెడుతుంది. యంత్రానికి ముందుచూపు లేదు. ఆ లేమి వల్లే అక్షరం తన పుట్టుకలోని దశలన్నీ మనకు చూపిస్తుంది.

ఇప్పుడు వెనక్కి రండి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే సాధారణంగా గుడిదీర్ఘం ఒక్కటే రాలుతుంది, స్త్ర మిగులుతుంది. ఇంకోసారి కొడితే ర పోయి పొల్లు పైకి లేస్తుంది. కట్టిన వరుసకు తలకిందులుగా విప్పుతుందది. అదే కర్సర్‌ను బాణం మీటతో జరిపితే మొత్తం స్త్రీని ఒక్క అంగలో దాటేస్తుంది, మధ్యలో నిలవదు. చాలా ప్రోగ్రాముల్లో డిలీట్ మీట కూడా అక్షరాన్ని మొత్తంగానే తుడిచేస్తుంది. వర్ణం ప్రమాణమా, అక్షరం ప్రమాణమా అని అడిగితే యంత్రం రెండిటికీ తలూపింది. రాసే వేలికి వర్ణం, చదివే కంటికి అక్షరం. ఈ తేడాని రెండు మీటల్లో సర్దిపెట్టినవారెవరో గానీ రసజ్ఞులు.

ఇదే మాటను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద కొట్టి చూస్తే ఇంకో సొగసు. అందులో గుణింతపు గుర్తులు, పొల్లు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి. స ఉన్నది ఎమ్ మీటలో, పొల్లు డి, త ఎల్, మళ్లీ పొల్లు డి, ర జె, గుడిదీర్ఘం ఆర్. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. మృదంగం మీద రెండు చేతులూ మాట్లాడుకున్నట్టు ఉంటుంది. సంయుక్తాక్షరం ఎంత బరువైతే తాళం అంత బాగా నడుస్తుంది. అన్ని మాటలకూ ఈ భాగ్యం లేదు లెండి. ‘మనవి’ అని కొడితే మొత్తం ఎడమ చేయే చేసుకోవాలి, కుడి చేయి ఖాళీగా చూస్తుంటుంది.

తెలుగు మీటలు లేనిచోట అమెరికాలోని తెలుగువాళ్లు 1990లలో ఇంకో దారి తొక్కారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు తగిలించుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాశారు. చిన్న టీ రాస్తే త, పెద్ద టీ రాస్తే ట. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. ఇంగ్లీషువాడు వాక్యం మొదట్లో మర్యాద కోసం పెట్టుకునే పెద్దబడి అక్షరాన్ని తీసుకొచ్చి నాలుకను మడతపెట్టే పనికి నియమించారు. లేనిది తెచ్చుకోకుండా ఉన్నదాంట్లోనే పని కానివ్వడం గొప్ప కవుల లక్షణం. ఇంజనీర్లకూ ఉంటుందని ఇక్కడ తెలిసింది.

అచ్చు విషయానికొస్తే, సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్‌కు ధ్వనితో పని లేదు. రూపంతోనే పని. గళ్లలోంచి స ముక్క, ఒత్తు ముక్క ఏరి పేర్చేవాడు. తర్వాత వచ్చిన డీటీపీ ఫాంట్లు కూడా ఆ బాటే పట్టాయి. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలను పోశాయి. పేజీ ముచ్చటగా వచ్చేది. ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం కొటేషన్ గుర్తులూ డాలర్లూ బ్రాకెట్లూ కలిసిన కలగాపులగం. పత్రికాఫీసుల్లో ఆ పేజీల ముందు తల పట్టుకోనివాళ్లు అరుదు. నేనూ పట్టుకున్నాను.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు ఈ వరుసను తిరగేసింది. మన దేశంలో తయారైన ఇస్కీ ప్రమాణం నుంచి క్రమం తీసుకుని, యంత్రం గుర్తుపెట్టుకోవలసింది రూపాన్ని కాదు, పలుకు వరుసను అంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? ‘సకు తవత్తు ఇస్తే స్త, క్రావడి ఇస్తే స్త్ర, గుడిదీర్ఘమిస్తే స్త్రీ’ అని బడిలో గొంతెత్తి వల్లెవేసిన వరసే. రూపం దిద్దే పని ఫాంటుదీ, దాన్ని నడిపే ప్రోగ్రాముదీ. లోపల దాగింది శబ్దం, తెర మీద ఆడేది దృశ్యం. దృశ్యమూ శ్రవ్యమూ రెండూ కలిసిందే నాట్యమన్నది నాట్యశాస్త్రం చెప్పిన సంగతే కదా.

ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగు క అంకె 3093. కన్నడ క అంకె 3221. మధ్య తేడా 128. ఖ దగ్గరా అదే తేడా, గ దగ్గరా అదే తేడా, ళ దాకా అంతే. ఒకే తల్లి లిపి నుంచి చీలిన అక్కచెల్లెళ్లు కాబట్టి ఇలా కుదిరిందని మురిసిపోబోయాను. నిజానికి దేవనాగరితో చూసినా తేడా 768 దగ్గర నిలకడగానే ఉంటుంది. పట్టిక వేసినవాళ్లు వర్గాక్షరాల క్రమాన్నే వెన్నెముకగా పెట్టుకున్నారు. కంఠ్యాల నుంచి ఓష్ఠ్యాల దాకా నోటిలోపలి దారిని ప్రాచీనులు ఎలా నడిచారో అలాగే ఈ అంకెలూ నడుస్తాయి. శుష్కంగా కనిపించే అంకెల పట్టికలో నోటి నిర్మాణం దాగి ఉండటం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే విషయం.

ఇక వంపులు. సంస్కృత ఆలంకారికుడు కుంతకుడు కావ్యంలోని వక్రతలన్నిటిలో వర్ణవిన్యాస వక్రతను మొదట చెప్పాడు. ఆయన చెప్పింది ధ్వనుల కూర్పు సంగతే అయినా, తెలుగు లిపిని చూస్తే ఆ మాట కంటికీ వర్తిస్తుందనిపిస్తుంది. ఫాంటులో ఈ వంపులను గీసేది బెజియే వక్రరేఖ. ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజనీరు పియేర్ బెజియే కారు ఒంటి వంపుల కోసం వాడుకలోకి తెచ్చిన గణితం అది. అదే గణితం ఇవాళ ఋ మెలికనూ, ఐ తోకనూ, ఖ గుండ్రదనాన్నీ మోస్తోంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రెండు బిందువులు చెబుతాయి. ఎటు వంగాలో గీతకు బయట నిలబడ్డ ఇంకో ఒకటి రెండు బిందువులు చెబుతాయి. అవి గీతను తాకవు, దూరం నుంచే లాగుతాయి. ఫాంటు తయారుచేసే తెర మీద ఆ బిందువులన్నీ తెరిచి చూస్తే అక్షరం చుట్టూ ఒక కనిపించని సభ తీరినట్టు ఉంటుంది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. బెజియే వక్రరేఖలతో సరిగ్గా వృత్తం గీయడం గణితరీత్యా అసాధ్యం. నాలుగు వంపులు అతికి వృత్తానికి కంటికి అందనంత దగ్గరగా రావచ్చు, అంతే. అంటే మనం కంప్యూటర్‌లో పెట్టే ప్రతి సున్నా, పూర్ణానుస్వారం అని గొప్పగా పిలుచుకునేదీ, కొంచెం అపూర్ణమే.

ఫాంట్ల పేర్లు పెట్టడంలోనూ సరసం ఉంది. దేశికాచారి తీర్చిన పోతన 2000, వేమన 2000 యూనికోడ్ తెలుగు తొలి రోజుల్లో ఎందరికో దిక్కయ్యాయి. పోతనలో గీత లావవుతూ సన్నగిల్లుతూ సాగుతుంది, పాత అచ్చు పుస్తకాల వాసన వేస్తుంది. వేమనలో గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం, అలంకారం లేదు, మొగమాటం లేదు. ఆ కవులను చదివినవాడికి ఈ పేర్లు ఎందుకో విడమరచనక్కర్లేదు. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, రామభద్ర, ధూర్జటి, గిడుగు వంటివి తర్వాతి తరం. 2015లో హార్వర్డ్ వారి మూర్తి గ్రంథమాలలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదంతో మనుచరిత్ర వచ్చినప్పుడు ఎడమ పేజీలో తెలుగు మూలానికి ప్రత్యేకంగా అక్షరాలు చెక్కించారు. కెనడాలోని టిరో టైప్‌వర్క్స్‌వాళ్లు, ఫియోనా రాస్ తోడ్పాటుతో చేసిన పని అది. ఇప్పుడది టిరో తెలుగు పేరుతో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పెద్దన సమాసాలకు తగిన జాగా, తగిన గాలి అందులో ఉన్నాయి. ఒత్తు కింద ఒత్తు పడ్డా ఊపిరాడుతుంది.

ఊపిరాడని చోట్లూ తక్కువేం కాదు. ఇంగ్లీషు ఎత్తును కొలతగా తీసుకుని గీసిన బటన్లలో, సబ్‌టైటిళ్లలో తెలుగు వరుసను ఇరికిస్తే కింద క్రావడి సగానికి తెగుతుంది, పైన గుడి కప్పు కొట్టుకుపోతుంది. ‘రాష్ట్రం’లో టవత్తూ క్రావడీ రెండూ నేలమాళిగలోనే ఉంటాయి. ఆ మాట ఎన్ని తెరల మీద నడుం దాకా మాత్రమే కనిపించిందో లెక్కలేదు. రసభంగం అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పాలంటే నేను ఆ తెరే చూపిస్తాను.

ఇంతదాకా కనిపించే అందాల మాట. నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది అసలు కనిపించదు.

‘హైదరాబాద్‌లో’ అని రాయండి. ద్ దగ్గర పొల్లు నిలబడి, లో విడిగా వచ్చిందా? అలా రావడానికి ఆ రెండిటి మధ్య ఒక అక్షరం ఉంది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, ధ్వని లేదు. పట్టికలో దాని అంకె 8204. అది లేకపోతే పలుకు వరుసను నమ్ముకున్న యంత్రం ద, పొల్లు, ల కనిపించగానే తన ధర్మం ప్రకారం లను ఒత్తుగా చేసి ద కిందకి తోసేస్తుంది: హైదరాబాద్లో. సాఫ్ట్‌వేర్ సాఫ్ట్వేర్ అవుతుంది, ఫేస్‌బుక్ ఫేస్బుక్ అవుతుంది. సీసపు అచ్చుకు ఈ చిక్కు లేదు, ద్ పక్కన లో పెడితే సరిపోయేది. ధ్వనిని నమ్మిన యంత్రానికే మౌనాన్ని కూడా విడిగా చెప్పవలసి వచ్చింది.

ఆ మౌనం అవసరం ఎందుకు పడింది? మనది అజంత భాష. బస్ వస్తే బస్సు చేసుకున్నాం, పెన్ వస్తే పెన్ను, కార్ వస్తే కారు. ప్రతి పరాయి హల్లుకూ చివర ఒక ఉకారం ఇచ్చి ఇంట్లో కలుపుకున్నాం. ఆ ఓపిక ఇప్పుడు తగ్గింది. ‘ఫేస్‌బుక్కులో’ అనేవాళ్లు అరుదు. మాట్లాడే తీరూ మారింది, దానికి యంత్రం ఇంకాస్త ఊతమిచ్చింది. ఎస్సెమ్మెస్‌ల రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలైతే 160, తెలుగు లిపి అయితే 70 మాత్రమే పట్టేవి. ఆ 70లో ఒక్క స్త్రీయే ఆరు తినేసేది. దాంతో జనం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాయడం మరిగారు, పొదుపు కోసం చివరి ఉకారాన్ని ఎగ్గొట్టారు. ఇవాళ ఫోన్ ఆ రాతను తెలుగులోకి మార్చేటప్పుడు ‘ఎలా ఉన్నావ్’ అని పొల్లుతోనే దించుతోంది. పెద్దలు చిరాకుపడుతున్నారు. నాకు చిరాకు లేదు. నోట్లో ఎప్పుడో రాలిపోయిన ఉకారం రాతలో ఇప్పుడు రాలింది, అంతే కదా. ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నది చెప్పకుండా తోచేదాన్ని. ఈ 8204 కనిపించకుండా రూపాన్ని శాసిస్తుంది. ఆలంకారికుల జాబితాలో దానికి చోటివ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

మౌనం సైతం అస్థానంలో పడితే ప్రమాదమే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు తెలుగు అక్షరం దెబ్బ తగిలిందని ప్రపంచమంతా మోగిపోయింది. ఆ అక్షరం జ్ఞా. మామూలు జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆపైన ఈ కనిపించని 8204, దాని తర్వాత దీర్ఘం. ఎవరూ కావాలని అలా రాయరు. ఞకూ దీర్ఘానికీ మధ్య విడదీయవలసిందేమీ లేదు. ఆ వింత వరుస ఉన్న సందేశం వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లో దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. నెల తిరక్కుండానే 11.2.6తో సరిచేశారు. బంగ్లా, దేవనాగరిలో కూడా ఇలాంటి వరుసలు కూల్చగలవని తర్వాత తేలినా పేరు మాత్రం మనకే దక్కింది. జ్ఞానం భరించలేక మూర్ఛపోయిన ఫోన్లంటూ ఆ వారం తెలుగువాళ్లు పండించిన హాస్యరసం ఇంతా అంతా కాదు.

8204 పక్క ఇంట్లో 8205 ఉంది. అదీ కనిపించదు. స్వభావం మాత్రం ఎదురు. ఒకటి విడదీస్తుంది, రెండోది కలుపుతుంది. తెలుగులో ఆ రెండోదాని పని తెలిస్తే నిజంగా ముచ్చటేస్తుంది. ర, పొల్లు, 8205, తర్వాత హల్లు అన్న వరుస ఇస్తే, ఆ సత్తా ఉన్న ఫాంటులో వలపలగిలక పుడుతుంది. పాత పుస్తకాల్లో ధర్మం, సూర్యుడు వంటి మాటల్లో రకారం హల్లుకు కుడిపక్కన గిలకగా నిలిచేది. కన్నడం నేటికీ వదల్లేదు, మనం వదిలేశాం. మనం వదిలేసినదాన్ని యంత్రం ఒక కనిపించని అక్షరం చాటున భద్రపరిచింది.

ఈ రకారం లీల గమనించారా? క్రావడి పలకడంలో చివర వస్తుంది, సంప్రదాయపు రూపంలో మాత్రం హల్లుకు ఎడమ నుంచి మొదలై కింద చుట్టుకుంటుంది. చెవికి వెనక, కంటికి ముందు. వలపలగిలక పలకడంలో ముందు, చూపులో వెనక. ఒకే వర్ణం అటూ ఇటూ దాటుతూ ధ్వనికీ దృశ్యానికీ మధ్య దాగుడుమూతలు ఆడుతుంది. యంత్రానికి ఇది నేర్పడానికి ఇంజనీర్లు ప్రత్యేకంగా నియమాలు రాయాల్సొచ్చింది. తేలిగ్గా లొంగని చోటే శిల్పం ఉంటుంది.

కనిపించేవి కూడా కొన్ని తిరిగొచ్చాయి. బ్రౌన్ నిఘంటువులో విడిగా చూపిన దంత్య చ, జలు, ౘ, ౙ, 2008లో యూనికోడ్‌లో చేరాయి. ౘాప, ౙల్లు అని ఎవరైనా రాయాలనుకుంటే ఇప్పుడు అడ్డులేదు. అదే ఏడాది పాత లెక్కల భిన్నాల గుర్తులూ వచ్చాయి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. ఇంకా చిన్నదైన వీసానికి వచ్చేసరికి గీత అడ్డం తిరుగుతుంది. నాలుగింట ఒక వంతుకు దిగిన ప్రతిసారీ నిలువు అడ్డమూ, అడ్డం నిలువూ అవుతాయి. పది అంకెల అవసరం లేకుండా మూడు గీతలతో, వాటి దిశతో లెక్క నడిపిన కరణాల పొదుపు చూసి ఏ ప్రోగ్రామరైనా సలాం చేస్తాడు. లేమికి గుర్తయిన హళ్ళి కూడా ఉంది. చిన్నప్పుడు ‘హళ్ళికి హళ్ళి సున్నకు సున్న’ అన్న మాటలో మాత్రమే బతికిన ఆ హళ్ళికి ఇప్పుడు సొంత అంకె ఉంది, 3192.

వీటికంటే ఆలస్యంగా, 2021లో, వచ్చింది నకారపొల్లు. అజంత భాష అని ఎంత చెప్పుకున్నా పద్యంలో మనకు హలంతం ఎప్పుడూ ఉంది. వచ్చెను అనేది వచ్చెన్ అయ్యేది, పలికెను పలికెన్ అయ్యేది. ఆ చివరి న్ కోసం పాత రాతల్లో న మీద పొల్లు పెట్టకుండా విడిగా ఒక రూపమే వాడేవారు. అంటే హల్లుతో ఆగడం మనం ఫేస్‌బుక్ దగ్గర నేర్చుకున్నది కాదు, పద్యం ఊపిరి తీసుకునే చోట ఎప్పటి నుంచో చేస్తున్నదే. ఆ రూపం ఇదిగో: ౝ. ఇక్కడ మీకు ఖాళీ డబ్బా కనిపిస్తే తప్పు నాదీ కాదు, భాషదీ కాదు. మీ ఫాంటుకు ఆ కబురు ఇంకా అందలేదు.